మంచుకొండ ఎక్కే ముందు మెట్ల మీద వాలు కొలవండి: బెజవాడ, గుంటూరు వాళ్లకు స్కీ టూరింగ్

మనకు మంచు ఒక్కటే మాట. ధనుర్మాసంలో బ్యారేజీ మీద ముందు బండి కనపడనివ్వనిదీ మంచే, తెల్లారి గడ్డి మీద బొట్టుగా నిలిచేదీ మంచే, కాశ్మీరులో నడుంలోతున పడేదీ మంచే. పేపర్లు ఇంకా కలిపేస్తాయి: ఆకాశం నుంచి రాలినా హిమపాతమే, కొండ మీంచి ఊడొచ్చి మనుషుల్ని పూడ్చినా హిమపాతమే. లిఫ్టు లేని కొండను స్కీలతో ఎక్కి, అదే స్కీలతో దిగుదామనుకునేవాళ్లు మొదట ఈ రెండింటినీ విడదీయాలి. ఇక్కడ రాలేదాన్ని మంచు కురవడం అని, ఊడొచ్చేదాన్ని మంచుచరియ అని అంటాం.

ఇంకో మాట ముందే చెప్పాలి. మంచును చూసి అది నిలుస్తుందో ఊడుతుందో చెప్పగలగడం ఏళ్ల తరబడి అవే కొండల్లో తిరిగినవాళ్లకు కూడా అన్నిసార్లూ కుదరదు. ఏడాదికి పది రోజులు వెళ్లొచ్చే మనకు అసలే కుదరదు. వాలు కొలవడం మాత్రం ఎవరికైనా వారం రోజుల్లో వస్తుంది. పూడిపోయినవాణ్ని వెతికి తవ్వడమూ మంచు లేకుండానే నేర్చుకోవచ్చు. అందుకే ఇందులో సగం పని ఇక్కడే, ఎండలోనే చేయాలి.

ముందు స్కీయింగ్ రావాలి

స్కీ టూరింగ్‌లో బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను మడమ వదులుగా ఉండేలా పెట్టుకుని, స్కీ అడుగున స్కిన్ అనే బొచ్చు పట్టీ అతికించి, కొండ ఎక్కుతారు. పైకి చేరాక పట్టీ పీకేసి, మడమ బిగించి, మామూలు స్కీయింగ్‌లా దిగుతారు. దిగడం రానివాడు ఎక్కి ఏం లాభం? గుల్మార్గ్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్, మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరున్న పర్వతారోహణ సంస్థ స్కీ కోర్సులు నడుపుతాయి. మొదటి చలికాలం బేసిక్, రెండో చలికాలం దాని పై కోర్సు చేయండి. మెత్తటి, లోతైన మంచులో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగగలిగాకే టూరింగ్ మాట ఎత్తండి. ఆత్రం ఆగకపోతే మొదటి ఏడాదే స్నోషూలు, అంటే మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు, తొడుక్కుని, స్థానిక గైడుతో చదునైన దేవదారు అడవిలో తిరిగి రండి. చలికి అలవాటు పడటానికి అదే చాలు.

సామానులో అరువు తెచ్చుకోదగ్గవి, తెచ్చుకోకూడనివి

స్కీలు, బూట్లు, కర్రలు అక్కడ అద్దెకు దొరుకుతాయి. బూటు విషయంలో మొహమాటపడొద్దు: మడమ లోపల లేస్తుంటే మొదటి గంటలోనే బొబ్బ వస్తుంది, రెండో రోజు కాలు నేల మీద పెట్టలేరు. అద్దె బైండింగ్ మీ బూటు పొడవుకు, మీ బరువుకు సరిచేశారో లేదో కొట్లోనే నిలబడి చూసుకోండి.

ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడేవి మూడు. వాటిని మీ సొంతానివే తీసుకెళ్లండి. మొదటిది బీకన్: 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతూ, అవసరమైతే అదే సంకేతాన్ని వెతికే చిన్న పరికరం. మూడు యాంటెనాలు ఉన్నదే కొనండి. పాత ఒంటి యాంటెనా రకం చవగ్గా వచ్చినా వద్దు. రెండోది ప్రోబ్, అంటే మడిచి సంచిలో పెట్టుకునే, మంచులో పొడిచి చూసే కడ్డీ. విప్పితే 240 సెంటీమీటర్లకు తగ్గకూడదు. మూడోది అల్యూమినియం రేకు ఉన్న పార. ప్లాస్టిక్ పార చరియ గట్టిదనానికి పగిలిపోతుంది. గుంపులో నలుగురుంటే ఈ మూడూ నలుగురి దగ్గరా ఉండాలి. ఒక్కడి దగ్గరే పార ఉండి ఆ ఒక్కడే పూడిపోతే మిగతావాళ్లు చేతులతో గీరుకోవాల్సిందే.

బీకన్‌లో కంపెనీ చెప్పిన రకం బ్యాటరీలే వేయండి. చాలావాటికి ఆల్కలైన్ మాత్రమే కుదురుతుంది. రీచార్జబుల్ సెల్లు చివరి వరకూ బాగున్నట్టు చూపించి ఒక్కసారిగా పడిపోతాయి. మొబైల్ ఫోను బీకన్‌ను గందరగోళపెడుతుంది. మామూలప్పుడు రెండింటికీ కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. అంటే ఫోను ప్యాంటు జేబులో, బీకన్ ఛాతీ మీద పట్టీతో.

ఎయిర్‌బ్యాగ్, అంటే లాగగానే ఉబ్బి చరియలో మనిషిని పైన తేల్చే గాలి సంచి, ఉంటే మంచిదే కానీ, గ్యాసు సిలిండరు ఉన్నది విమానంలో తీసుకెళ్లాలంటే ముందే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. గన్నవరంలో సెక్యూరిటీ దగ్గర వాదించి లాభం లేదు. ప్రోబ్, పార చెకిన్ సంచిలో వేయండి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు విదేశీ వీడియోల్లో అందరి భుజానా కనిపిస్తాయి. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా అవి దగ్గర పెట్టుకోవడమే నేరం. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. గుంపులో ఇద్దరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకోండి.

బట్టల్లో నూలు వద్దు, బనీనుతో సహా. చెమటకు తడిసిన నూలు ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ లోపల, పైన గాలి ఆపేది, ఆగినప్పుడు వేసుకోవడానికి ఒక మందపాటి వెచ్చటి కోటు.

మెట్ల మీద మొదటి పాఠం

పలకలుగా ఊడే ప్రమాదకరమైన చరియలు దాదాపు అన్నీ 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే మొదలవుతాయి. 38 దగ్గర ఎక్కువ. 30 లోపు వాలు చాలా అరుదుగా ఊడుతుంది. 50 దాటితే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. చిక్కేమిటంటే స్కీ చేయడానికి సరదాగా ఉండే వాలూ సరిగ్గా అదే 30 నుంచి 40.

28కీ 35కీ తేడా కంటికి తెలియదు. తెలియాలంటే మెట్ల దగ్గరికి వెళ్లండి. టేపు పెట్టి మెట్టు ఎత్తు, పాదం పెట్టే వెడల్పు కొలవండి. 6 అంగుళాల ఎత్తు, 11 వెడల్పు ఉంటే ఆ మెట్ల వాలు 29 డిగ్రీలు. 6కి 10 ఉంటే 31. 7కి 10 ఉంటే 35. ఇరుకు స్థలంలో కట్టిన పాత ఇంటి డాబా మెట్లు 7కి 9 ఉంటాయి, అది 38. ఆ మెట్ల మీద ఒక పొడవాటి చెక్క వాల్చి, పైన ఫోను పెట్టి, కోణం చూపే యాప్‌తో సరిచూసుకోండి. 6కి 11 ఉన్న మెట్ల వాలు దాటకూడదని, డాబా మెట్లు మనిషిని చంపే వాలు అని మనసులో ముద్రపడాలి. నిటారుగా ఏమీ అనిపించదు. ప్రమాదం అక్కడే ఉంది.

తర్వాత మట్టికట్టలు చూడండి. ఒకటికి రెండు వాలున్న కట్ట 27 డిగ్రీలు. ఇల్లు కట్టే చోట పోసిన ఎండు ఇసుక గుట్ట తనంతట తను నిలిచే వాలు 30 నుంచి 35. చూసి ముందు ఒక అంకె పైకి చెప్పండి, తర్వాత కొలవండి. ఇరవై చోట్ల చేశాక మీ అంచనా మూడు డిగ్రీల లోపుకు వస్తుంది.

మంచులో ఫోను చలికి చచ్చిపోవచ్చు. అప్పటికి స్కీ కర్రలే కొలబద్ద. రెండూ ఒకే పొడవుకు, 120 సెంటీమీటర్లకు పెట్టండి. ఒక కర్రను వాలు వెంట పైనుంచి కిందికి మంచులో అదిమి, పై కొస, కింది కొస గుర్తులు పడనివ్వండి. ఇప్పుడు ఆ కర్ర ఒక కొసను పై గుర్తు దగ్గరే ఉంచి, రెండో కొసను గాల్లోకి లేపండి. లేపిన కొస నుంచి రెండో కర్రను నిట్టనిలువుగా వేలాడదీయండి. దాని మొన మంచుకు తగిలే వరకు మొదటి కర్రను పైకీ కిందికీ సర్దండి. మొన సరిగ్గా కింది గుర్తు మీద పడితే వాలు 30 డిగ్రీలు. గుర్తు కంటే దిగువన పడితే 30 దాటింది. ప్రతి 10 సెంటీమీటర్లకూ సుమారు 3 డిగ్రీలు కలపండి. రెండు చీపురుకర్రలతో కరకట్ట మీద ఇది పదిసార్లు చేస్తే చేతికి వచ్చేస్తుంది. నడిచెళ్లేవాళ్లు ఆగి చూస్తారు, చూడనివ్వండి.

వాలు కొలిచినంత మాత్రాన అయిపోలేదు. మీరు నిలబడ్డ నేల 15 డిగ్రీలే అయినా, తలపైన 38 డిగ్రీల వాలు వేలాడుతుంటే అది ఊడి మీ మీదికే వస్తుంది. కింది నుంచి ఆ వాలు పై కొసను చూడండి. మీ కన్ను పైకెత్తాల్సిన కోణం 25 డిగ్రీలు దాటితే మీరు దాని దారిలో ఉన్నట్టే. పెద్ద చరియ 20 లోపు కోణానికి కూడా పారుతుంది.

ఇసుకలో వెతుకులాట

తొలి 10 నిమిషాల్లో బయటికి తీస్తే పూడినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటేసరికి బతికేది ముగ్గురే. ఊరి నుంచి సాయం వచ్చే లోపు ఆ అరగంట ఎటూ దాటుతుంది. అంటే మీ పక్కనున్నవాడే మీ అంబులెన్సు.

కృష్ణలో నీళ్లు లేని నెలల్లో బ్యారేజీ దిగువ ఇసుక తిన్నెలు ఈ సాధనకు బాగా పనికొస్తాయి. గేట్లు ఎత్తే రోజుల్లో అటు పోవద్దు. గుంటూరు వాళ్లకు బాపట్ల దగ్గర సూర్యలంక ఉంది. రైలు వంతెనలకూ హైటెన్షన్ తీగలకూ బాగా దూరంగా జరగండి, లేకపోతే బీకన్ లేనిపోని దిక్కులు చూపిస్తుంది. ఒక బీకన్‌ను పంపే స్థితిలో పెట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసి, మోకాలి లోతుకు మించకుండా పూడ్చండి. స్టీలు క్యారేజీలో పెట్టారా, లోహం సంకేతాన్ని ఆపేస్తుంది, మీరు సాయంత్రం దాకా వెతుకుతారు. అంతకంటే లోతు గుంట ఇసుకలో తీయొద్దు, అంచులు కూలతాయి.

50 మీటర్ల చదరం గీసి, ఎక్కడ పూడ్చారో తెలియని మనిషి చేత వెతికించండి. సంకేతం ఇంకా అందనప్పుడు వేగంగా, 40 మీటర్ల ఎడంతో పట్టీలుగా నడవాలి. అందాక తెర మీది బాణం తిన్నగా కాకుండా వంపు తిరుగుతూ తీసుకెళ్తుంది. సంకేతం ప్రయాణించే తీరే అంత, దాన్ని అనుమానించొద్దు. దూరం చూపే అంకె తగ్గకుండా పెరుగుతుంటే వెనక్కి తిరగండి. 3 అంకె రాగానే వేగం చంపేసి, బీకన్‌ను నేలకు ఆనించినట్టు కిందికి దించండి. అక్కణ్నుంచి దాన్ని తిప్పకుండా ముందుకూ వెనక్కూ, తర్వాత అడ్డంగా జరిపి, అతి తక్కువ అంకె వచ్చిన చోట గుర్తు పెట్టండి. కొత్తవాళ్లు ఇక్కడే తప్పుతారు: కంగారులో చేతిని తిప్పేస్తారు, అంకెలు ఎగురుతాయి.

ఆ గుర్తు నుంచి ప్రోబ్‌ను నత్తగుల్ల మీది చుట్టులా, పోటుకు పోటుకు 25 సెంటీమీటర్ల ఎడంతో, వాలుకు లంబంగా దింపండి. మెత్తగా తగిలితే మనిషి, టంగుమంటే రాయి. తగిలాక ప్రోబ్ పీకకూడదు, అదే తవ్వేవాళ్లకు గురి. సంకేతం అందినప్పటి నుంచి ప్రోబ్ తగిలే దాకా 4 నిమిషాల్లో పూర్తయ్యే వరకు ఈ సాధన ఆపొద్దు. తర్వాత ఒకేసారి రెండు బీకన్లు పూడ్చి చేయండి.

తవ్వడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీటరు లోతున ఉన్నవాడి కోసం ఒకటిన్నర మీటరు పొడవు, మీటరు వెడల్పు గుంట తీస్తే ఒకటిన్నర ఘనపు మీటర్ల మంచు. ఆగిపోయిన చరియలో ఘనపు మీటరు 400 కిలోలు ఉంటే అది 600 కిలోలు. ప్రోబ్ మీద నిలబడి నిలువుగా తవ్వకండి, కిందివాడికి ఉన్న కాస్త గాలి అరనూ తొక్కేస్తారు. ప్రోబ్‌కు దిగువ వైపు, పూడిన లోతుకు ఒకటిన్నర రెట్లు దూరం జరిగి, అక్కణ్నుంచి అడ్డంగా మనిషి వైపు తవ్వాలి. ముందు ఒకడు కోస్తాడు, వెనకవాళ్లు తెడ్డు వేసినట్టు మంచును కిందికి నెడతారు. నిమిషానికొకసారి చోట్లు మారండి.

కాళ్లు, ఊపిరి

రోజుకు 600 నుంచి 900 మీటర్ల ఎత్తు ఎక్కాలి, గంటకు 300 మీటర్లు మామూలు వేగం. అయిదంతస్తుల అపార్ట్‌మెంటు 15 మీటర్లు అనుకుంటే 20 సార్లు ఎక్కి దిగితే 300. సంచిలో 10 కిలోలు వేసి మూడు నెలలు, వారానికి మూడుసార్లు, తెల్లవారుజామునే చేయండి. ఆదివారం కోటప్పకొండ మెట్లో, కొండవీడు ఘాటో. దిగేటప్పుడు లిఫ్టు ఎక్కకండి, స్కీయింగ్‌లో తొడలు మండేది దిగేటప్పుడే.

ఇక్కడ చేయలేనిది ఎత్తుకు అలవాటు పడటం. మనవి సముద్రమట్టానికి నలభై మీటర్లు కూడా లేని ఊళ్లు. గుల్మార్గ్ 2,650 మీటర్లు, అక్కడి గొండోలా (తీగ మీద నడిచే రోప్‌వే) రెండో దశ దించేది 3,900 దాటిన చోట. దిగిన మర్నాడే పైకెళ్లకండి. రెండు రాత్రులు కింద పడుకున్నాక, తలనొప్పి లేకపోతేనే వెళ్లండి.

మంచు కింద ఏముంది

ఇసుక గుట్ట అడుగున గీకితే పిండిలా జారుతుంది. కొత్తగా కురిసిన పొడి మంచు కూడా ఒక చుక్క నుంచి విచ్చుకుంటూ అలాగే జారుతుంది. అది ఎక్కువసార్లు చిన్నదే. మనుషుల్ని చంపేది పలకగా ఊడేది. పూతరేకు గుర్తు తెచ్చుకోండి. రేకుల మధ్య పంచదార పొడి చల్లి మడిచాక చేత్తో వాల్చితే పై రేకు జారిపోతుంది. మంచులోనూ అంతే: కింద పట్టులేని గింజల పొర, దాని మీద గాలి గట్టిపరచిన పలక, రెండూ 30 దాటిన వాలు మీద. మీరు వెళ్లి దాని మీద నిలబడతారు. చరియలో చిక్కుకున్నవాళ్లలో పదికి తొమ్మిది సార్లు దాన్ని ఊడగొట్టింది వాళ్లో, వాళ్ల గుంపులోవాళ్లో.

బరువు తెలియాలంటే 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం ఉన్న చిన్న పలకను లెక్కవేయండి. ఘనపు మీటరు 200 కిలోల చొప్పున 250 టన్నులు. మిర్చి యార్డులో 40 కిలోల టిక్కీలు 6,250 ఒకేసారి మీ మీదికి దొర్లినట్టు.

ఆ పట్టులేని పొర ఎలా పుడుతుంది? కాశ్మీరులో డిసెంబరు 21 నుంచి 40 రోజుల గడ్డుచలిని చిల్లాయ్ కలాన్ అంటారు. మంచు పల్చగా, అర మీటరే ఉన్నప్పుడు అడుగున నేల సున్నా దగ్గర వెచ్చగా ఉంటుంది, పైన గాలి సున్నాకు 10, 15 డిగ్రీలు కింద. 10 సెంటీమీటర్లకు ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే అడుగు నుంచి ఆవిరి పైకి పోతూ గింజల్ని కోణాలు తేలిన పంచదార పలుకుల్లా మార్చేస్తుంది. గుప్పిట పట్టి పిసికితే ఉండ కట్టదు. తర్వాత పశ్చిమ అలజడి, అంటే పడమటి నుంచి వచ్చే చలికాలపు తుఫాను, వచ్చి దాని మీద అర మీటరు కొత్త మంచు పోస్తుంది. అందుకే ఆరంభంలో తక్కువ మంచు పడిన ఏడు మరింత జాగ్రత్త కావాలి. "ఈసారి మంచు తక్కువే, భయం లేదు" అనేవాళ్ల మాట తప్పు. కొత్త మంచు బరువు మాత్రమే సమస్యైతే ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. అడుగున ఈ పలుకులుంటే వారాల తరబడి సర్దుకోదు. ఎండ తగలని ఉత్తరపు ముఖాల మీద ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది.

గుంట తవ్వి చూడటం నేర్చుకోండి. సురక్షితమైన చోట, మీరు దిగాలనుకున్న ముఖానికే తిరిగి ఉన్న చిన్న వాలులో మీటరున్నర లోతు తవ్వి గోడ చదును చేయండి. పైనుంచి కిందికి గుప్పిలి దిగుతుందా, నాలుగు వేళ్లా, ఒక వేలా, పెన్సిలా, చాకు మొనా అని చూస్తూ రండి. గట్టి పొర కింద హఠాత్తుగా గుప్పిలి దిగిందంటే అదే అనుమానించాల్సిన చోటు. తర్వాత వాలుకు అడ్డంగా 90 సెంటీమీటర్లు, లోపలికి 30 సెంటీమీటర్ల దిమ్మెను నాలుగు వైపులా కోసి విడదీయండి. ఒక చివర పార రేకు బోర్లించి, మణికట్టు నుంచి 10, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10 దెబ్బలు వేయండి. ఎన్నో దెబ్బకు పగిలిందనే దానికన్నా, పగులు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కసారే పాకిందా అన్నది ముఖ్యం. పాకితే ఆ రోజు 30 దాటిన వాలు లేదు. పాకకపోతే మాత్రం వెళ్లొచ్చని కాదు. పది అడుగుల అవతల పొర వేరేలా ఉండొచ్చు. ఈ పరీక్ష "వద్దు" చెప్పడానికే, "సరే" చెప్పడానికి కాదు.

గుంట తవ్వకుండానే కొండ చెప్పే సంగతులున్నాయి, అవి గుంట కన్నా నమ్మకమైనవి. పక్క వాలు మీద తాజాగా ఊడిన గీత. స్కీ వేయగానే కాళ్ల కింద "వుఫ్"మని కూలిన చప్పుడు. స్కీ మొన నుంచి ముందుకు పరిగెత్తే పగులు. 24 గంటల్లో 30 సెంటీమీటర్లు దాటి కురిసిన మంచు. శిఖరం మీంచి జెండాలా ఎగిరే మంచు ధూళి. ఒక్కసారిగా పెరిగిన ఎండ. ఒక్కటి కనిపించినా ఆ రోజు చదును నేల మీదే. గాలి గురించి ఇంకాస్త చెప్పాలి. అది మంచు పడకపోయినా ఒక పక్క నుంచి ఊడ్చి రెండో పక్క పోస్తుంది. గాలి చాటు వాలు మీద అడుగేస్తే డప్పు మీద నడిచినట్టు బోలుగా వినిపిస్తే అక్కడ పలక తయారై ఉంది.

బులెటిన్

చండీగఢ్‌లోని డీజీఆర్ఈ, అంటే డీఆర్డీవో కింద పనిచేసే సంస్థ, చరియల హెచ్చరికలు ఇస్తుంది. జమ్మూ కాశ్మీర్ విపత్తు నిర్వహణ విభాగం వాటిని జిల్లాలవారీగా ప్రకటిస్తుంది. గుల్మార్గ్ బారాముల్లా జిల్లాలోకి వస్తుంది. జిల్లా మొత్తానికి, ఫలానా ఎత్తు దాటిన చోటుకు అని ఒక్క మాట ఉంటుంది. మీరు వెళ్లే లోయ గురించి విడిగా ఉండదు. ప్రపంచమంతా వాడే కొలమానంలో అయిదు మెట్లున్నాయి. మూడోది చూసి "మధ్యలోదే కదా" అనుకోవడం పెద్ద పొరపాటు. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది పోయేది 3 చెప్పిన రోజునే, ఎందుకంటే 4, 5 రోజుల్లో ఎక్కువమంది బయటికి రారు.

గొండోలా చుట్టుపక్కల మేర స్కీ గస్తీ వాళ్లు చూసుకుంటారు, దాని అవతల ఎవరూ చూడరు. 2023 ఫిబ్రవరి 1న గుల్మార్గ్ పైనున్న అఫర్వాత్ శిఖరం మీద చరియ పడి ఇద్దరు పోలెండ్ స్కీయర్లు చనిపోయారు, 19 మంది విదేశీయుల్ని కాపాడారు. 2010 ఫిబ్రవరి 8న గుల్మార్గ్ దగ్గరి ఖిలన్‌మార్గ్‌లో చరియ, మంచు యుద్ధంలో శిక్షణ పొందుతున్న 17 మంది సైనికుల్ని మింగింది. అనుభవం ఉన్నవాడు ముందు నడుస్తున్నాడు కాబట్టి ఫరవాలేదు అనుకోవడానికి లేదు.

ఆ రోజు

గది దాటకముందే ఒక గీత గీసుకోండి: 30 డిగ్రీల లోపు, పైన ఏమీ వేలాడని దారి. గుంపులో ఎవరు వద్దన్నా వెనక్కి, కారణం అడగకూడదు. ఇది ముందే ఒప్పుకుంటేనే పైన చెల్లుతుంది. మొదటి చలికాలాల్లో స్థానిక గైడు లేకుండా వెళ్లొద్దు. గైడు ఉన్నా వాలు మీరే కొలవండి.

బయల్దేరే చోట ఒకరు బీకన్ వెతికే స్థితిలో పెట్టి నిలబడితే మిగతావాళ్లు ఒక్కొక్కరే ఎడంగా దాటాలి. అందరిదీ పలికిందో లేదో చూసుకున్నాక ఆయన తనది పంపే స్థితికి మార్చాలి. మార్చడం మరిచిపోయే మనిషి ఎప్పుడూ ఆ చివరి ఆయనే.

ఎక్కేటప్పుడు స్కీని ఎత్తకండి, జార్చండి. ఎత్తితే అరగంటలో ఆయాసం వస్తుంది. స్కిన్ బొచ్చు పిల్లి వీపు లాంటిది, ముందుకు జారుతుంది, వెనక్కి పట్టుకుంటుంది. ఎండలో తడిసిన స్కిన్‌తో నీడలోని పొడి మంచులోకి వెళ్తే అడుగున ముద్దలు కడుతుంది. అలాంటి చోటికి ముందే కొవ్వొత్తి రుద్ది పెట్టుకోండి. ఏటవాలుగా వంకర్లు పెట్టుకుంటూ, మాట్లాడగలిగే వేగంతో పోండి.

పులిహోర తీసుకెళ్తే గడ్డకడుతుంది. పల్లీ అచ్చులు, సున్నుండలు కోటు లోపలి జేబులో వేసుకోండి. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టండి, ఐసు ముందు పైన కడుతుంది కాబట్టి మూత తెరుచుకుంటుంది.

పైన కోటు ముందు వేసుకుని, తర్వాత స్కిన్ పీకండి. తీసిన స్కీని మంచులో గుచ్చండి, పడుకోబెడితే మీరు లేకుండానే దిగిపోతుంది. అనుమానమున్న చోట ఒక్కొక్కరే దిగాలి, మిగతావాళ్ల కళ్లు ఆయన మీదే ఉండాలి. ఆగేది వాలు కింద కాదు, పక్కన గట్టు మీదో చెట్ల చాటునో. వసంతంలో అయితే బూటు చీలమండ దాటి తడి మంచులో దిగుతోందంటే ఆలస్యమైనట్టే. ఎండ పడే వాలుల మీంచి పదకొండు లోపే దిగిపోవాలి.

ఊడితే

మీ కాళ్ల కింద ఊడితే అరవండి, ఎయిర్‌బ్యాగ్ లాగండి, పక్కకు స్కీ చేసి తప్పుకునే ప్రయత్నం చేయండి, కర్రలు వదిలేయండి. వాటి తాళ్లు మణికట్టుకు వేసుకోకపోవడం అందుకే. ఆగబోతున్నట్టు తెలియగానే చెయ్యి నోటి ముందు పెట్టుకోండి. ఆగాక కదల్లేరు.

చూసినవాళ్లు ఆయన చివరగా కనిపించిన చోటు గుర్తుంచుకోవాలి. పైన ఇంకేమైనా ఊడేలా ఉందేమో ఒక్కసారి చూసి, తలలు లెక్కపెట్టి, అందరూ బీకన్ వెతికే స్థితికి మార్చుకుని దిగాలి. ఒక్కడైనా పంపే స్థితిలో ఉండిపోతే అందరూ అతని చుట్టే తిరుగుతారు. ఇద్దరే ఉంటే వెతికాకే ఫోను. నలుగురుంటే ఒకరు 112కి చేస్తూ మిగతావాళ్లు వెతకాలి. మంచు మీద చెయ్యో, చేతితొడుగో, కర్రో పైకి కనిపిస్తోందా అని కళ్లతో కూడా వెతకండి.

ముఖం బయటపడగానే నోట్లో మంచు తీయండి, ఛాతీ మీద బరువు తొలగించండి. ఊపిరి లేకపోతే ముందు నోటితో 5 ఊపిరులు ఇచ్చి, తర్వాత గుండె నొక్కడం మొదలుపెట్టండి. ఆయన ఆగింది గాలి లేక, గుండె జబ్బుతో కాదు. ఊపిరి ఉంటే అడ్డంగా పడుకోబెట్టి, చుట్టి, కదపకుండా ఉంచండి. చేతులూ కాళ్లూ రుద్దొద్దు, లేపి నడిపించొద్దు.

తిరిగొచ్చాక

మన ఉక్కపోత ఈ సామానుకు శత్రువు. బీకన్ లోంచి బ్యాటరీలు తీసేయండి; వదిలేస్తే వానాకాలానికి కారి లోపలంతా తినేస్తాయి. స్కీ ఉక్కు అంచులు తుడిచి, అడుగంతా, అంచుల మీదుగా కూడా మైనం దట్టంగా పట్టించి గీకకుండా వదిలేయండి, తుప్పు పట్టదు. స్కిన్‌లు ఆరాక జిగురు వైపు వాటితో వచ్చిన జాలీగుడ్డ అతికించి, చల్లటి గది బీరువాలో అడుగు అరలో పెట్టండి. మేలో కారు డిక్కీలోనో, డాబా మీది గదిలోనో ఉంచితే జిగురు కరిగి బొచ్చులోకి దిగిపోతుంది, ఆ స్కిన్ ఇక స్కీకి అంటదు.